బీబీఏ మార్కెటింగా, బీకాం కంప్యూటర్సా? దోస్త్ ఆప్షన్లు పెట్టాలి, జెర చెప్పండి

మానేరు_పిల్ల:
అందరికీ నమస్తే. ఇంటర్ సీఈసీ అయిపోయింది, మార్కులు బాగనే వచ్చినయ్. దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లు) రిజిస్ట్రేషన్ కూడా చేసిన, కానీ వెబ్ ఆప్షన్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మాది జమ్మికుంట దగ్గర ఊరు, నాయనకి ఎరువులు విత్తనాల షాపు ఉంది. నాకేమో మార్కెటింగ్ చదవాలని ఉంది, కంప్యూటర్ కూడా ఇష్టమే కానీ పొద్దస్తమానం కోడింగ్ చేసుకుంటూ కూచోమంటే మాత్రం నా వల్ల కాదు. బీబీఏ అయితే హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ కాలేజీ, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ అయితే కరీంనగర్. నాయన బీకామే చెయ్ బిడ్డా బ్యాంక్ ఎగ్జామ్స్‌కి పనికొస్తది అంటున్నడు. మా బావేమో డిగ్రీ ఏదైనా ఒకటే, అమీర్‌పేటలో మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేస్తే చాలు అంటున్నడు. రెండూ కలిపి ఒకే డిగ్రీలో చదివేటట్టు ఉండదా? లాస్ట్ డేట్ దగ్గర పడ్డది, తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

ట్యాలీ_శీను:
బీకాం కంప్యూటర్స్ తీస్కో చెల్లే, కళ్ళు మూస్కొని. ట్యాలీ, జీఎస్టీ వస్తే ఏ ఊర్లయినా అన్నం దొరుకుతది. నేను గట్లనే బతుకుతున్న.

కృష్ణలంక_బాబాయ్:
అమ్మా, పెద్దవాడిగా ఒక మాట. మార్కెటింగ్ అంటే వినడానికి బానే ఉంటుంది, చివరికి బ్యాగు భుజానేసుకుని టార్గెట్లు టార్గెట్లు అని ఎండలో తిరగడమే. మా వాడు బీబీఏ చేసి రెండేళ్ళు క్రెడిట్ కార్డులు అమ్మాడు, నెలాఖరు వస్తే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆడపిల్లవి, మళ్ళీ ఆలోచించుకో.

క్వెరీ_రాణి:
బాబాయ్ గారూ, మీ అబ్బాయి చేసింది సేల్స్ అండీ, మార్కెటింగ్ కాదు. కాలేజీల వాళ్ళే రెండూ ఒకటే అన్నట్టు బ్రోచర్లో వేస్తారు కాబట్టి మీ తప్పు కూడా లేదు. ఆడపిల్ల సంగతి మాత్రం పక్కన పెడదాం, మా టీంలో ఎనిమిది మందిమి ఉంటే ఐదుగురం ఆడవాళ్ళమే, ఎవరం బ్యాగేసుకుని తిరగట్లేదు.

పాపా, నాది బీకాం కంప్యూటర్సే, హన్మకొండలో చదివాను, తర్వాత ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏ ఎంట్రన్స్) రాసి ఎంబీఏ మార్కెటింగ్ చేశాను. అంటే నువ్వడిగిన రెండూ కలిపి చదివినట్టే, కాకపోతే ఐదేళ్ళు పట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక రిటైల్ కంపెనీలో కస్టమర్ డేటా చూస్తాను. నా మొదటి ఉద్యోగం సంగతి చెప్తా, రెండూ ఎక్కడ కలుస్తాయో నీకే తెలుస్తుంది.

ఒక చీరల షోరూం. దసరా ముందు మా ఓనర్ గారు పిలిచి మనకి 11 వేల మంది కస్టమర్లున్నారమ్మా అందరికీ ఆఫర్ మెసేజ్ కొట్టు అన్నారు. ఎక్సెల్ ఫైల్ తెరిచి చూస్తే లక్ష్మి అని ఒకచోట, లక్ష్మీ అని ఇంకోచోట, కె లక్ష్మి, లక్ష్మి గారు, లక్ష్మి మేడం కూకట్‌పల్లి, ఇలా. ఫోన్ నంబర్ ఒకచోట పది అంకెలు, ఒకచోట ముందు సున్నా, ఒకచోట ముందు 91. ఆ 91 పెట్టినవన్నీ 12 అంకెలు అయ్యేసరికి ఎక్సెల్ వాటిని 9.19ఈ+11 అని చూపిస్తోంది, ఒకటి కాదు కాలమ్ మొత్తం అదే వరస. కొన్ని అలానే కాపీ చేసి ఇంకో టెక్స్ట్ ఫైల్లో పేస్ట్ చేసేశారు ఎవరో, అంటే అసలు నంబరే పోయింది ఇంక తిరిగి రాదు. రెండు రోజులు కూర్చుని నంబర్లన్నీ కుడివైపు పది అంకెలకి కోసి, ఒకే నంబర్ మీద ఉన్న వరసలన్నీ కలిపితే 11 వేలు కాస్తా 7,900కి దిగింది. ఓనర్ గారి మొహం చూడాలి, నేనేదో మూడు వేల మంది కస్టమర్లని దొంగిలించినట్టు చూశారు.

ఇందులో కంప్యూటర్ ఎంత? పది అంకెలకి కోయడం, డూప్లికేట్లు తీయడం, అంతే. బీకాం సెకండియర్ డీబీఎంఎస్ (డేటాబేస్) పేపర్లో ప్రైమరీ కీ అని చెప్తారే, ఒక్కొక్కరికి వేరెవరికీ లేని ఒక గుర్తు ఉండాలని, అదే. కానీ ఆ 7,900 మందిలో ఎవరికి ఏ ఆఫర్ పంపాలి, పోయిన పెళ్ళిళ్ళ సీజన్లో 40 వేలు పెట్టి కొన్నావిడకి 499 చీర ఆఫర్ పంపితే ఆవిడ ఏమనుకుంటుంది, ఇది మార్కెటింగ్. ఒకటి రాకపోతే రెండోది సగమే.

ట్యాలీ_శీను:
మెసేజ్ కొట్టుడు కూడా ఇప్పుడు అంత అల్కగ లేదు కద అక్కా. ట్రాయ్ (టెలికాం రెగ్యులేటర్) రూల్ ప్రకారం డీఎల్టీ అనే పోర్టల్ల హెడర్ అంటే పంపేటోళ్ళ పేరు, టెంప్లేట్ అంటే మెసేజ్ నమూనా రిజిస్టర్ చెయ్యాలె, టెంప్లేట్ల ఒక్క పదం తేడా ఉన్నా మెసేజ్ పోదు. మా క్లయింట్ ఒకాయన సంక్రాంతి ఆఫర్ టెంప్లేట్ అప్రూవ్ అయ్యేసరికి ఉగాది వచ్చింది.

క్వెరీ_రాణి:
హహ నిజమే. అందుకే అందరూ వాట్సాప్ మీద పడ్డారు.

కామర్స్_మేష్టారు:
ఈ అమ్మాయి అడిగిన అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, రెండూ కలిపి ఒకే డిగ్రీ ఉందా అని. నేను డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా పాఠం చెప్తున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తా.

బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌లో అకౌంట్స్ వెన్నెముక. ఫైనాన్షియల్ అకౌంటింగ్, కాస్ట్, ఇన్‌కం ట్యాక్స్, 2017లో వచ్చిన జీఎస్టీ, వీటి మధ్యలో సెమిస్టర్‌కి ఒకటి చొప్పున కంప్యూటర్ పేపర్, అంటే ఐటీ ఫండమెంటల్స్, సీ లాంగ్వేజ్, డీబీఎంఎస్, వెబ్ టెక్నాలజీస్ లాంటివి, యూనివర్సిటీని బట్టి కొంచెం అటూ ఇటూ. మార్కెటింగ్ చాలా తక్కువ. బీబీఏలో మార్కెటింగ్, హెచ్ఆర్, ఫైనాన్స్ మూడూ పైపైన రుచి చూపించి చివరి ఏడాది ఒకదాంట్లోకి దింపుతారు, ప్రాజెక్ట్ ఉంటుంది, ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) అని ఒక పేపర్ ఉంటుంది, ఆ పేపర్‌ని చాలాచోట్ల ల్యాబ్ లేకుండా బోర్డు మీదే చెప్పేస్తారు, అదే నా బాధ. డేటాబేస్‌ని బోర్డు మీద నేర్పడమంటే ఈత చాప మీద నేర్పినట్టే. బీకాం బిజినెస్ అనలిటిక్స్ అని కూడా ఇప్పుడు దోస్త్‌లో కనపడుతుంది, పేరు చూసి మోసపోవద్దు, నీ కాలేజీలో అది చెప్పేవాళ్ళున్నారా అని అడుగు. కొన్నిచోట్ల కామర్స్ వాళ్ళకి పైథాన్ చెప్పమంటే కామర్స్ మేష్టారికే అప్పజెప్తారు. నాకూ అప్పజెప్పారు ఒకసారి. పిల్లల కంటే ఒక్క చాప్టర్ ముందుండి లాక్కొచ్చాను.

ఇంకోటి, 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ ఏఐసీటీఈ (సాంకేతిక విద్య కోర్సులకి అనుమతిచ్చే కేంద్ర సంస్థ) కిందకి వచ్చాయి. బీబీఏలో చేరేటప్పుడు కాలేజీకి ఆ అప్రూవల్ ఉందో లేదో చూసుకో. బీకాంకి ఆ గొడవ లేదు.

మానేరు_పిల్ల:
సర్ థాంక్యూ. ల్యాబ్ ఎట్ల ఉందో ఎట్ల తెలుస్తది? కాలేజీకి పోతే అంత బాగుందనే చెప్తరు కదా.

కామర్స్_మేష్టారు:
ఆఫీసులో అడక్కు. సెకండియర్ పిల్లలు క్యాంటీన్ దగ్గర ఉంటారు, ప్రాక్టికల్స్‌కి సిస్టం ఒక్కొక్కరికి ఒకటా, ముగ్గురికి ఒకటా అని అడుగు. రికార్డు ఎవరు రాస్తారు అని కూడా అడుగు. సీనియర్ రికార్డు చూసి ఎక్కించుకుంటాం అని నవ్వుతూ చెప్పారంటే ల్యాబ్ తలుపు పరీక్షల రోజే తీస్తారని అర్థం.

ఫీజు_బాధితుడు:
డబ్బుల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ కాలేజీలో బీబీఏ చేశా, రీయింబర్స్‌మెంట్ ఉందిలే అనుకుని చేరా, మూడేళ్ళు అయ్యాక గవర్నమెంట్ నుంచి ఇంకా డబ్బులు రాలేదు నువ్వే కట్టు తర్వాత తిరిగిస్తాం అని మెమోలు టీసీ ఆపేశారు, మా నాన్న అప్పు చేసి 38 వేలు కట్టి తెచ్చాడు, తిరిగి ఇచ్చింది లేదు. హాస్టల్ ఖర్చు వేరే. బీబీఏ బాలేదు అనట్లేదు, నాకు ప్రాజెక్ట్ చేయడం బాగా నచ్చింది, కానీ చేరే ముందు ఫీజు మొత్తం ఎంత, అందులో రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తుంది, మిగతాది ఎప్పుడు కట్టాలి, కాగితం మీద రాయించుకో. ఈపాస్‌కి (రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేసే పోర్టల్) బీసీ, ఈబీసీలకి ఇన్‌కం లిమిట్ ఊళ్ళో వాళ్ళకి లక్షన్నర, టౌన్ వాళ్ళకి రెండు లక్షలు, ఇన్‌కం సర్టిఫికేట్ ముందే మీసేవలో తీసి పెట్టుకో.

కృష్ణలంక_బాబాయ్:
ఇది మాత్రం అక్షరాలా నిజం. మా ఏపీ సైడు కూడా ఇదే రామాయణం.

డెంటన్_డైరీ:
హాయ్ అందరికీ, నేను టెక్సస్ నుంచి. రెండూ కలిపి డిగ్రీ ఉండదా అని అడిగావు చూడు, ఇక్కడ ఉంటుంది, అందుకే రాస్తున్నా. మా ఊళ్ళోనే ఉన్న యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో బిజినెస్ కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే పేరుతో డిగ్రీ ఉంది, మార్కెటింగ్ కూడా అదే బిజినెస్ కాలేజీలో. రెండూ ఒకే కాలేజీవి కాబట్టి అకౌంటింగ్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ లాంటి కోర్ సబ్జెక్టులు కామన్‌గా పోతాయి, డబుల్ మేజర్ చేసేవాళ్ళకి అదే కలిసొస్తుంది. డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు. మొదటి రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఫీజుతో లాగించి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళు బోలెడు మంది, అక్కడ కూడా బీసీఐఎస్ 1305 అని బిజినెస్ కంప్యూటర్ అప్లికేషన్స్ క్లాసు ఉంటుంది. మా అమ్మాయి పోయినేడు అదే చేసింది, నేను పక్కన కూర్చుని చూశా, ఎక్సెల్‌లో వడ్డీ లెక్క, పెద్ద లిస్టుని చిన్న పట్టికగా కుదించే పివట్ టేబుల్, అంతే. నలభై ఏళ్ళ వయసులో పివట్ టేబుల్ అంటే ఏంటో నాకు అప్పుడే తెలిసింది :)

నువ్వు ఇప్పుడే ఇక్కడికి రమ్మని కాదు చెప్పేది, బ్యాచిలర్స్‌కి వస్తే ఇల్లమ్ముకోవాలి. కానీ తర్వాత ఎంఎస్ ఆలోచన ఏమైనా ఉంటే రెండు సంగతులు ఇప్పుడే తెలుసుకో. ఒకటి, మన మూడేళ్ళ డిగ్రీని చాలా యూనివర్సిటీలు నేరుగా తీసుకోవు, 16 ఏళ్ళ చదువు అడుగుతాయి. తీసుకునేవీ ఉన్నాయి, ఒక్కొక్కటి చూసుకోవాలి. రెండోది సిప్ (CIP) కోడ్, అంటే కోర్సు ఏ విభాగంలోదో చెప్పే నంబర్. చదువయ్యాక ఓపీటీ, అంటే ఇక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మాథ్స్) డిగ్రీ అయితే ఇంకో 24 కలుస్తాయి. ఇది కోర్సు పేరుని బట్టి కాదు, ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మీద ఉండే ఆ కోడ్‌ని బట్టి. జనరల్ మార్కెటింగ్ 52.1401, అది స్టెమ్ లిస్టులో లేదు. బిజినెస్ అనలిటిక్స్ 30.7102, అది 2022 జనవరిలో లిస్టులో చేరింది. మా పక్క అపార్ట్‌మెంట్ కుర్రాడు పేరులో టెక్నాలజీ ఉందిగా అని కోడ్ అడక్కుండా చేరి, చివరి సెమిస్టర్లో తెలుసుకుని తల పట్టుకున్నాడు.

ట్యాలీ_శీను:
జమ్మికుంట పిల్ల కరీంనగర్ పోవాల్నా హైదరాబాద్ పోవాల్నా అని అడిగితే టెక్సస్ దాకా తీస్కపోయిర్రు.

డెంటన్_డైరీ:
హహహ సారీ శీను గారూ, ఇక్కడ శనివారం పొద్దున్న, కాఫీ ఎక్కువైంది.

మానేరు_పిల్ల:
లేదు అక్కా మంచిగ చెప్పినవ్. అమీర్‌పేట కోర్సు గురించి ఎవరన్న చెప్పండి, మా బావ రోజూ ఫోన్ చేస్తున్నడు.

క్వెరీ_రాణి:
మీ బావకి అందులో కమీషన్ ఏమైనా ఉందా :) ఆ మూడు నెలల కోర్సుల్లో చెప్పేది ఏ బటన్ ఎక్కడుందో. యాడ్ ఎలా పెట్టాలి, కీవర్డ్ ఎలా ఎంచుకోవాలి, పోస్టు ఎలా బూస్ట్ చేయాలి. ఆర్నెల్లకి ఆ బటన్ వేరే చోటికి పోతుంది. గూగుల్ యాడ్స్ సర్టిఫికేట్ గూగుల్ వాళ్ళ స్కిల్‌షాప్ సైట్‌లో ఫ్రీగానే వస్తుంది, ఏడాదికోసారి మళ్ళీ రాసుకోవాలి, దానికి 30 వేలు కట్టక్కర్లేదు. పనికిరాదు అనను, డిగ్రీ పక్కన చేస్తే పనికొస్తుంది, డిగ్రీ బదులు చేస్తేనే ఇబ్బంది. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది బటన్ల గురించి కాదు. లాస్ట్ ఇయర్ కొని ఈ ఇయర్ రాని కస్టమర్ల లిస్టు తీయమంటే ఎలా తీస్తావు అని అడిగారు. ఒక కాగితం మీద రెండు టేబుల్స్ గీసి చెప్పాను, అంతే, ఉద్యోగం వచ్చింది.

కామర్స్_మేష్టారు:
ఈ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. మార్కెటింగ్‌లో దీన్నే ఆర్ఎఫ్ఎం అంటారు. చివరిసారి ఎప్పుడొచ్చాడు, ఎన్నిసార్లొచ్చాడు, ఎంత కొన్నాడు. మూడే ప్రశ్నలు. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, తేదీ, పేరు, మొత్తం అని మూడు కాలమ్స్ ఉంటే చాలు. అమ్మా మానేరు పిల్లా, మీ నాయన షాపులో ఖాతా పుస్తకం ఉంటుంది కదా. అది నీ ల్యాబ్. ఏ కాలేజీలోనూ అంత మంచి డేటా ఇవ్వరు.

మానేరు_పిల్ల:
ఎరువుల షాపుల మార్కెటింగ్ ఏముంటది సర్? యూరియా రేటు గవర్నమెంట్‌ది, ఎవ్వరు అమ్మినా అదే రేటు. పైగా 2018 నుంచి పాస్ మెషిన్ల ఆధార్ అసొంటి గుర్తింపు ఎక్కిస్తేనే బస్తా.

కామర్స్_మేష్టారు:
చూశావా, నువ్వే సగం పాఠం చెప్పేశావు. మార్కెటింగ్ పుస్తకంలో 4 పీలు అని మొదటి చాప్టర్లోనే ఉంటాయి, సరుకు, ధర, చోటు, ప్రచారం. యూరియాలో సరుకు ఒకటే, ధర ఒకటే. అయినా రైతు పక్క షాపు దాటుకుని మీ షాపుకే ఎందుకొస్తాడు? మీ నాయన ఉద్దెర ఇస్తాడనా, పురుగు పట్టిన ఆకు తెస్తే చూసి మందు చెప్తాడనా, పొద్దున్నే ఆరింటికి షాపు తీస్తాడనా? అది కనుక్కుంటే పత్తి విత్తనాల దగ్గర, పురుగు మందుల దగ్గర, అంటే నాలుగు కంపెనీలు పోటీ పడే చోట ఏం చేయాలో తెలుస్తుంది.

ట్యాలీ_శీను:
ఉద్దెరకే వస్తరు సర్. అందుల డౌటే లేదు.

కృష్ణలంక_బాబాయ్:
నా మాటకి అంత కోపం తెచ్చుకున్నారు గానీ, మేష్టారు చెప్పింది వింటుంటే మా వాడు కూడా ఇలాంటిది చదివుంటే బావుండేదనిపిస్తోంది. ఇప్పుడు వాడికి 26, బ్యాంకులో చిన్న ఉద్యోగం. ఐసెట్ రాయచ్చా ఇప్పుడు?

క్వెరీ_రాణి:
తప్పకుండా రాయచ్చు బాబాయ్ గారూ. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అనలిటికల్ 75, మాథ్స్ 75, కమ్యూనికేషన్ 50. ఓసీ, బీసీలకి 25 శాతం వస్తే క్వాలిఫై. క్వాలిఫై అవడం తేలికే, మంచి కాలేజీలో సీటుకే ర్యాంకు కావాలి. ఎంసీఏ వైపు వెళ్తానంటే మాథ్స్ గురించి ఆ ఏడాది నోటిఫికేషన్లో ఏం రాశారో ఒకసారి చూసుకోమనండి, ఆ రూలు మారుతూ ఉంటుంది.

మానేరు_పిల్ల:
అందరికీ సారీ, నాలుగు రోజులు రాలే. మేష్టారు చెప్పిన పని చేసిన. పోయిన వానాకాలంది, యాసంగిది రెండు ఖాతా బుక్కులు ముందటేస్కొని ఎక్సెల్ల ఎక్కించిన, 312 లైన్లు. మా అమ్మ అన్నం తినరా అని మూడుసార్లు పిలిచింది.

క్వెరీ అక్క చెప్పిన లక్ష్మి కష్టం నాకు మల్లయ్యతోని వచ్చింది. పెద్ద మల్లయ్య, చిన్న మల్లయ్య, మోటరు మల్లయ్య, బోరు మల్లయ్య, చెరువుకట్ట మల్లయ్య, కిరాణం మల్లయ్య, ఇట్ల మొత్తం 9 మంది మల్లయ్యలు. ఇంటిపేరు ఎక్కడ లేదు. ఫోన్ నంబర్‌తో కలుపుదామంటే సగం మందికి కొడుకు నంబరో కోడలు నంబరో ఉన్నది, రెండిండ్లకి ఒక్కటే నంబర్ కూడా ఉన్నది. ప్రైమరీ కీ అంటే ఏందో చదవకముందే అర్థమైంది. ఏం చెయ్యాలె అక్కా?

క్వెరీ_రాణి:
శభాష్! పేరు వద్దు, ఫోన్ వద్దు, నువ్వే ఒక్కొక్కరికి ఒక నంబర్ ఇచ్చేయ్, 1, 2, 3 అని. ఒక షీట్లో మనుషులు మాత్రమే, నంబర్, పేరు, ఊరు, మీ నాయన పిలిచే పేరు. ఇంకో షీట్లో కొనుగోళ్ళు, తేదీ, ఆ మనిషి నంబర్, ఏం కొన్నాడు, ఎంత, ఎంత బాకీ. మల్లయ్య ఊరు మారితే ఒక్కచోట మారుస్తావు, 20 చోట్ల కాదు. 1970లో ఐబీఎంలో కాడ్ అనే ఆయన రిలేషనల్ మోడల్ అని మొదలుపెట్టిన దాని అసలు కిటుకు ఇదే, సెకండియర్లో నార్మలైజేషన్ అని పెద్ద పేరు పెట్టి భయపెడతారు.

మానేరు_పిల్ల:
చేసిన అక్కా. 312 లైన్లకి 97 మంది తేలిండ్రు. అందుల వానాకాలంల కొని యాసంగికి రానోళ్ళు 22 మంది. ఆ లిస్టు నాయనకి చూపించిన. కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత వేలు పెట్టి ఒక్కొక్కటి చెప్పుకుంటొచ్చిండు, వీళ్ళకి యాసంగికి నీళ్ళు లేవు, రారు. ఈయన బిడ్డ పెండ్లి చేసిండు, బాకీ ఉన్నది, మొహం చూపియ్యలేక పక్క షాపుకి పోతున్నడు. ఈ ఐదుగురు ఎందుకు రాలేదో నాకే తెల్వదు, కనుక్కోవాలె అన్నడు. ఆ ఐదుగురి పేర్లు చిట్టీ మీద రాసి జేబుల పెట్టుకున్నడు.

కామర్స్_మేష్టారు:
ఆ బాకీ ఉన్నాయనకి ఆఫర్ మెసేజ్ పంపకూడదని ఏ కంప్యూటరూ చెప్పదమ్మా. సరే, ఆప్షన్లు ఏం పెట్టావు?

మానేరు_పిల్ల:
కరీంనగర్ బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ఫస్ట్ పెట్టిన సర్. క్యాంటీన్ దగ్గర అడిగిన, సిస్టం ఇద్దరికొకటి అంట, కానీ డీబీఎంఎస్ మేడం ల్యాబ్ తప్పకుండ చేపిస్తదట, రికార్డు కాపీ కొడితే చింపేస్తదట. అందుకే పెట్టిన. రెండోది కరీంనగర్‌లనే ఇంకో కాలేజీ బీబీఏ. హైదరాబాద్ తీసేసిన, హాస్టల్ లెక్కేస్తే కుదరలే. తర్వాత ఐసెట్ రాసి ఎంబీఏ మార్కెటింగ్, క్వెరీ అక్క లెక్కనే. బావకి స్కిల్‌షాప్ లింక్ పంపిన, అప్పటి నుంచి ఫోన్ లేదు.

ఇంకోటి చెప్పుడు మర్చిన. నాయన షీట్ మొత్తం చూసి చివరికి నవ్విండు. మోటరు మల్లయ్య, బోరు మల్లయ్య ఒక్కడే బిడ్డా, వాగు మీది మోటరు కాలిపోయినంక బోరేసిండు, అప్పటినుంచి గట్ల రాసిన అన్నడు. మరి చెరువుకట్ట మల్లయ్య ఒక్కడు కాదు, తాతా మనవడు ఇద్దరు, ఇద్దరికీ వేరే వేరే ఖాతా అన్నడు. ఒకరు తగ్గి ఒకరు పెరిగి, మల్లయ్యలు మళ్ళా 9 మందే.

క్వెరీ_రాణి:
అయ్యో, టోటల్ కరెక్ట్‌గా ఉంది కదా అని నేనైతే చూసుకోకుండా వదిలేసేదాన్ని. మీ నాయన్ని ఒక వారం మా ఆఫీసుకి పంపించు.